మరవ కింది ఇళ్లు

చంద్రగిరి దాటాక ఆటో దిగి
వంక గట్టున నడిచాను.
వంకలో నీళ్లు లేవు, ఇసక కూడా లేదు,
ట్రాక్టర్ చక్రాల అచ్చులున్నాయి.
కంపచెట్టుకు చుట్టుకున్న చీర పేలిక ఒకటి
నా తల కంటే ఎత్తున.
అంత పైన ఎవరు ఆరేశారా అనుకున్నాను
కాసేపు.

చేతిలో నలభై రెండు ప్రశ్నల కాగితం.
గోడ: ఇటుక, మట్టి, రేకు.
ఒకదానికే టిక్కు పెట్టాలి.
మొగిలమ్మ ఇంటికి మూడూ ఉన్నాయి.
తూర్పుది ఇటుక,
కొడుకు మేస్త్రీ పనికి పోయినన్నాళ్లూ
రోజుకు రెండు చొప్పున సంచిలో తెచ్చినవి.
పడమటిది మట్టి.
వంక వైపుది మాత్రం రేకు.
"అది యెట్లా పొయ్యేదే గదమ్మా,
దానికేల కర్సు?"

అరవై దాటినవాళ్లు ఎందరు?
"నేనొకదాన్ని. ఎనుము గూడా ముసిల్దే, రాసుకో."
ఫోనుకు హెచ్చరిక సందేశం వస్తుందా?
"వస్తాది. కుయ్ మంటాది.
సదివే పిల్ల బడికి పోయుంటాది."

ముప్పు సంగతి ముందుగా ఎవరు చెబుతారు?
దీనికి ఆరు గడులు:
వాలంటీరు, పోలీసు, రెవెన్యూ, టీవీ, రేడియో, ఇతరులు.
ఆమె చెరువు కట్ట వైపు గడ్డం ఎత్తింది.
"మరవ చెప్తాది.
వానాకాలమంతా చెవి ఆడే పెట్టి పడుకుంటాం.
మొదట ఆడోళ్లు కొళాయి కాడ మాట్లాడుకున్నట్టుంటాది.
ఆ గొంతు పెద్దదైతే లేస్తాం.
ఆ రేయి పెద్దది కాలా.
ఉన్నట్టుండి
ఆగిపాయ."

పెన్ను ఆపాను.
మరవ ఆగిందంటే నీళ్లు తగ్గాయని కాదు,
వాటికి ఇంకో దారి దొరికిందని.
నాలుగేళ్ల ఇంజనీరింగులో ఎవరూ చెప్పలేదు నాకు.
కట్ట తెగిన చప్పుడు తర్వాత వచ్చిందట,
ఎనుము తాడు విప్పేశాక.

"ఇతరులు" దగ్గర టిక్కు పెట్టాను.

పక్కింటి వేలాయుధం తన వంతు కోసం
ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.
ఇంటి పట్టా, ప్లాస్టిక్ కవరులో, మూడు ముడులేసి,
నడుముకు కట్టుకుని ఉంది.
వాన లేదు కదా అన్నాను.
"పోయినసారీ లేదు, పొద్దుగుంకే దాకా."

వరద లోతు, అడుగుల్లో?
మొగిలమ్మ అంకె చెప్పలేదు.
"సెల్వీ, ఇట్రా మే" అని పిలిచింది.
ఇటుక గోడ మీద బురద రంగు గీత.
ఏటా సున్నం దాని కింద ఆపి
దాని పైన మళ్లీ మొదలెడతారు.
పిల్ల వచ్చి గోడకు వీపు ఆనించింది,
మునివేళ్ల మీద లేచి కొంచెం మోసం చేస్తూ.
"మడమలు దించు.
అప్పుడు దీని నెత్తి మీద జానెడుండె నీళ్లు,
భుజానేసుకుని నిలబడినా తెల్లారిందాకా.
ఇప్పుడు చూడు, గడ్డం కాడికొచ్చినాయి.
ఇంకో రెండేండ్లు ఓర్చుకుంటే
రొమ్ము కాడికి దిగుతాయి."

గడిలో అంకె ఒక్కటే పడుతుంది.
నాలుగు అని రాశాను.

లేస్తుంటే అడిగింది, మీ ఇల్లు యాడమ్మా అని.
తిరుపతిలో, బైపాస్ అవతల, మూడో అంతస్తు.
ఆనవాళ్లు చెప్పించుకుని చెప్పించుకుని
"ఓ, ఆ చెరువులోనా" అంది.
"నీళ్లు దిగినంక మా నాయన ఆడ దోసకాయలేసేటోడు.
తీపి కాయలు."
నవ్వలేదు. మంచినీళ్ల చెంబు ఇచ్చింది.

ఆ రాత్రి సన్నగా పట్టింది వాన.
కిటికీ తెరిచి పడుకున్నాను.
మా వీధిలో వినడానికి మరవ లేదు,
సెల్లార్లోంచి నీళ్లు తోడే మోటారు తప్ప.
అది ఆగినప్పుడల్లా
మెలకువ వచ్చింది.